ఏటిసూతకంలో కొండ లడ్డూలు

జయంతి తిరుచానూరులో ఆ మేడింటికి చేరేసరికి సోమవారం మధ్యాహ్నం రెండూ పది. సాయంత్రం అయిదు లోపల ఆమె రెండు సంగతులు తేల్చుకోవాలి. గురువారం నుంచి కనిపించకుండా పోయిన చంద్రిక ఏమైందన్నది ఒకటి. తాను కొత్త ఉద్యోగంలో చేరాలా వద్దా అన్నది రెండోది. ఇంకెవరైనా అయితే ఆ రెండోదానికి ఎగిరి గంతేసి ఒప్పుకునేవారు. ఆమెకు మాత్రం అయిదు రోజులుగా అన్నం సహించడం లేదు.

ఉద్యోగం చిన్నదేమీ కాదు. పెద్ద పెద్ద కంపెనీలకు పెట్టుబడులు తెచ్చిపెట్టే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు. చెన్నైలో ఆఫీసు. అందులో కంప్లయన్స్ విభాగం. అంటే, గుమ్మంలోకి వచ్చిన ఖాతాదారు తాను చెప్పుకుంటున్న మనిషేనా అని కూపీ లాగి, కాకపోతే 'కాదు' అని రాసి సంతకం పెట్టడం. తిరుపతిలో ఒంటి గది డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుని పన్నెండేళ్ళుగా జయంతి చేస్తున్నదీ అదే. కాకపోతే ఆమె ఎక్కువగా పెళ్ళికొడుకుల కూపీ లాగుతుంది. ఆమె సరేనన్నాక కుదిరిన పెళ్ళిళ్ళు డెబ్బైకి పైనే ఉంటాయి. ఒక్క పెళ్ళికీ పిలుపు రాలేదు. పిలిస్తే 'ఈవిడెవరు' అని చుట్టాలు అడుగుతారు కదా, ఏమని చెబుతారు పాపం. ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చిన జయంతికి జీతం కన్నా ఆశ పుట్టించింది ఇంకొకటి. ఆఫీసంటూ ఉంటే మధ్యాహ్నం భోజనానికి పక్కన ఎవరో ఒకరు కూర్చుంటారు.

ఆఫరు బుధవారం వచ్చింది. శనివారం నగరి నుంచి కుప్పయ్య బస్సు దిగి, అడ్రసు రాసిన కాగితం పట్టుకుని నేరుగా ఆమె గదికి వచ్చాడు. మరమగ్గాలు నడుపుకునే మనిషి, మాట తక్కువ. కూతురు చంద్రికకు ఇరవై తొమ్మిదేళ్ళు, పెళ్ళి కాలేదు. పనిచేసేది ఆ బ్యాంకులోనే, ఆ కంప్లయన్స్‌లోనే. "నా బిడ్డ కొలువు మానుకుంటానని కాగితం రాసి పంపించిందంటమ్మా. రాసే పిల్లే అనుకో. నాయనకు చెప్పకుండా రాయదు," అన్నాడాయన.

మేడమీద గది చంద్రికది. కింద ఇంట్లో ఇల్లుగల పెంచలమ్మ. వాకిట్లో కూర్చుని కనకాంబరాలు కడుతోంది. అమ్మవారి గుడి దగ్గర పూలమ్మడం ఆమె పని.

"గురువారం పొద్దున్నించి చెప్పవ్వా. గంటలతో సహా చెప్పల్ల."

"ఆరింటికి నేను పూలెత్తుకోని గుడి కాడికి పోయినా. పాప మేడమీద కసువు ఊడస్తా ఉండె. ఒంటిగంటకొచ్చి సూస్తే తాళం ఏసుండాది. లోపల ఫ్యాను మాత్రం తిరగతా ఉండాది, కిటికీలోంచి కనపడె. ఆ పాప ఒక్క లైటు గూడా ఊరికే ఎలగనీదు. ఏందో తొందర్లో పోయినాదిలే అనుకున్నా."

"మళ్ళీ ఎప్పుడు చూసినావు?"

"మూడింటికి మళ్ళా గుడి కాడికి పోయి, తొమ్మిదింటికొచ్చి పండుకున్నా. తెల్లారి మెట్లు ఊడ్సేకి పోతే ఫ్యాను నిలిచిపోయుండాది. తాళం ఏసింది ఏసినట్టే ఉండాది."

"కరెంటు పోయిందేమో?"

"పోలా. రేతిరంతా నా ఫ్యాను తిరిగింది గదా."

తాళంచెవులు రెండే. ఒకటి పెంచలమ్మ మొలలో, రెండోది చంద్రిక దగ్గర. జయంతి నోటుబుక్కులో గంటలు వేసుకుంది. గురువారం మూడుకూ తొమ్మిదికీ మధ్య ఎవరో చంద్రిక తాళంచెవితో తలుపు తీశారు. పోతూ పోతూ అలవాటు కొద్దీ ఫ్యాను కట్టేశారు. రాజీనామా ఈమెయిలు ఆరూ నలభైకి వెళ్ళింది. ఫ్యాను కట్టేసినవాళ్ళే అదీ పంపి ఉండొచ్చు.

పైకెక్కి తాళం తీస్తే, గదిలో వస్తువులు తక్కువ. మంచం, టేబుల్, రెండు గిన్నెలు, గోడకు క్యాలెండరు, పక్కన తల్లి ఫొటో. చంద్రిక సోమవారం నుంచి బుధవారం దాకా చెన్నైలో ఉండేది. గురు శుక్రవారాలు ఈ గదిలోంచే పనిచేసేది. నగరిలో సొంతిల్లుండగా ఇక్కడెందుకంటే, మగ్గాల మోతలో ఫోను మాట్లాడలేక. ల్యాప్‌టాప్ లేదు. దాన్ని శనివారం బ్యాంకు మనిషి పెంచలమ్మ తాళంచెవితో తలుపు తీసి పట్టుకుపోయాడు. టేబుల్ మీద ప్లాస్టిక్ కవర్లో రెండు కొండ లడ్డూలు, వాటికి చీమలు. పక్కనే చంద్రిక పేరుతో దర్శనం టికెట్టు. లడ్డూలు తీసుకున్న చీటీ దానికే పిన్ను చేసి ఉంది. తేదీ గురువారం. టైము పదకొండూ నలభై.

వెనకాలే వచ్చిన పెంచలమ్మ కవరు చూసి గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఇవి యాడియమ్మా?"

"గురువారం కొండకు పోయొచ్చిందంట. బ్యాంకోళ్ళు అంటా ఉండారు."

"ఎవురు, ఆ పాపా?" పెంచలమ్మ ముఖం చిట్లించింది. "ఏటిసూతకం పెట్టుకోని కొండెక్కతాదా? వాళ్ళమ్మ ఆషాడంలో పోయినాది. అప్పుటినించి గుడి దిక్కుకు గూడా రాలా. ఏడాది తిరిగినాక మాయమ్మ పేరుతో పోతానవ్వా అనింది. అయినా కొండకు పోయొచ్చినోళ్ళు కిందింట్లో తుంట ప్రసాదం పెట్టకుండా ఇట్లా చీమలకు పెడ్తారా?"

జయంతి కూడా గదిలోకి అడుగుపెట్టగానే అదే అనుకుంది. కానీ సూతకం మనసులో ఉండేది. దాన్ని ఎవరి ముందైనా పెట్టాలంటే గట్టిది ఇంకొకటి కావాలి. ఆమె గోడవైపు తిరిగింది. క్యాలెండరు గడుల్లో చిన్న చిన్న అంకెలు, వాటి పక్కన టిక్కులు, ఇంటూ గుర్తులు. ఏ ఇంట్లో చూసినా అలాగే ఉంటాయి, పాలు పోసినరోజూ పోయనిరోజూ గుర్తుకోసం.

"పాలెవురు పోస్తారు ఈమెకు?"

"పాలెక్కడివి? ఆ పాప తాగేది పాలు లేని కడుంకాపీ."

జయంతి గోడకు దగ్గరగా వెళ్ళింది. అంకెలన్నీ టైములు. ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు లోపలివి. టిక్కు అంటే ఫైలు సరే అన్నది, ఇంటూ అంటే కాదన్నది. ఆగస్టు నెలాఖరు నుంచి కొన్ని ఇంటూల చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఒకే ఫైలు నంబరు రాసి ఉంది. లెక్కపెడితే పదకొండు. ఒకే ఫైలును పదకొండుసార్లు ఆమె ముందు పెట్టారు, పదకొండుసార్లు కాదంది. చివరిది గురువారం గడిలో ఉంది. 11.52. పెన్ను ఎంత గట్టిగా ఒత్తిందంటే కాగితం చిరిగింది. ఆ తర్వాతి గడులన్నీ ఖాళీ.

తిప్పి కట్టిన సెప్టెంబరు కాగితం వెనకవైపు సన్నని చేతిరాత కనిపించింది. 'ఉంటే' అని రాసి కింద మూడు వరసలు. మగ్గం మోతకు నాయన చెవులు పోతున్నాయి, ఆపించవచ్చు. కాదనే అధికారం నా చేతిలో ఉంటుంది. కాదన్న రోజు భోజనానికి ఎవరూ పిలవరు, ఈ నెలలో తొమ్మిది రోజులు. తర్వాత 'పోతే' అని రాసి కింద రెండే. నిద్ర పడుతుంది. నా కుర్చీలోకి అవుననేవాళ్ళు వస్తారు.

జయంతి మంచం మీద కూర్చుంది. ఈ అయిదు రోజులూ తానూ ఇలాంటి లెక్కే వేసుకుంది. పక్కన కూర్చుని తినే మనిషి కోసం తాను ఆ ఉద్యోగం వైపు చూస్తుంటే, ఆ ఉద్యోగంలో ఉన్న పిల్ల ఒంటరిగా తిన్న రోజులు గోడ మీద రాసుకుంది. ఎన్నడూ కలవని ఆ అమ్మాయి మీద జయంతికి సొంత చెల్లెలి మీద వచ్చినంత జాలి వచ్చింది. తన మీద కూడా వచ్చింది. అది ఆమెకు నచ్చలేదు కాబట్టి లేచి నిలబడింది.

మూడింటికి పెంచలమ్మ పూలబుట్టతో గుడికి వెళ్ళింది. ఆమె వెళ్ళీ వెళ్ళగానే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. వచ్చింది మునిశేఖర్. ఒకప్పుడు చిత్తూరులో సీఐ, రిటైరయ్యాక బ్యాంకుకు సెక్యూరిటీ చూస్తున్నాడు. జయంతికి పెళ్ళిళ్ళ డిటెక్టివ్ అని పేరు పెట్టిందే ఆయన. ఆ పేరు ఆమెకు ముందే ఆమె వెళ్ళే ప్రతి ఆఫీసుకూ చేరిపోయేది.

"ఏమ్మా పెండ్లిళ్ళ డిటెక్టివూ, ఈడ ఎవురికి సంబంధం చూస్తా ఉండావు?"

"కుప్పయ్య కూతుర్ని చూస్తా ఉండాను సార్. కనబడితే మీకే చెప్తాను."

"చూసేకి ఏముండాది? కొండకు పోయింది. దేవుణ్ణి చూసింది. కొలువు మీద మనసు ఇరిగిపోయింది. ఆరూ నలభైకి రాజీనామా పంపించి యాడికో పోయింది. మేజరు పిల్ల. ఫైలు మూసేసినా." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నీకు మా బ్యాంకులో కొలువూ కావాల, మా బ్యాంకు మీద కూపీ కూడా కావాల. అయిదు లోపల ఊ కొట్టాల్సినామెవు, పోయి ఆ పని చూసుకోరాదా? ఆ పిల్ల ఖాళీ చేసిన కుర్చీలోనే గదా నిన్ను కూర్చోబెట్టేది."

"ఆ కుర్చీయేనా?"

"మరి ఇంకేం కుర్చీ?"

"నాకు ఆఫరొచ్చింది బుధవారం. బుధవారం ఆ కుర్చీలో ఆమె కూర్చునే ఉండాది సార్."

మునిశేఖర్ మీసం సవరించుకున్నాడు. "అవన్నీ నన్నడిగితే నాకేం తెలుసు?"

"తెలిసేది అడుగుతాను. ఆమె తల్లి పోయి నాలుగు నెలలైంది. అది తెలుసునా?"

ఆయన చెయ్యి మీసం మీదే ఆగింది.

"మీది పుత్తూరు పక్క గదా సార్. తల్లి పోయిన ఏడు తిరక్కుండా మీ ఇండ్లల్లో కొండెక్కుతారా?"

"తల్లి పోయిందని నాకెవురూ చెప్పలా," అన్నాడు మెల్లిగా.

"ఎవరికి తెలుసు?"

"సెలవిచ్చినోళ్ళకు తెలిసుంటాది. కంప్లయన్సుకంతా పెద్ద ఆ హరినాథ్ సారే గదా. ఆయన బొంబాయిలో పుట్టి పెరిగినోడు, ఇట్లాంటియన్నీ ఆయనకేం..." మాట సగంలో మింగేశాడు.

చావు తెలిసినవాడికి సూతకం తెలియదు. సూతకం తెలిసినవాడికి చావు తెలియదు. ఇద్దరూ ఒక్క నిమిషం ఆగి ఒకరినొకరు అడిగి ఉంటే ఈ టేబుల్ మీదికి లడ్డూలు వచ్చేవి కావు. తిరుపతిలో మనిషి మాయమైతే కొండకు పోయిందంటే ఎవరైనా నమ్ముతారని పథకం వేసినవాడు అనుకున్నాడు. చాలావరకు సరిగానే అనుకున్నాడు.

"ఈ కాలం పిల్లోళ్ళు సూతకాలు పాటిస్తారా ఏమన్నానా?" మునిశేఖర్ తేరుకున్నాడు. "ఇదా నీ సాక్ష్యం?"

"కాదు. ఆమె ల్యాప్‌టాప్ మీ కాడ ఉండాది. గురువారం ఆమె ఏ టయానికి ఏం చేసిందో కాగితం తీసుంటారు. రాజీనామా ఒక్కటే చూసుకున్నట్టుండారు. దానికి పైన చూడండి. పదకొండూ యాభై రెండు."

ఆయన ఇష్టం లేకుండానే ఫైలు తెరిచాడు. వేలు కాగితం మీద పైనుంచి కిందికి వచ్చి ఒకచోట నిలిచిపోయింది.

"ఏం రాసుంది సార్?"

"తిరస్కరించడమైనది. పదకొండూ యాభై రెండు. ఈ గది నెట్ మీదనే."

"లడ్డూల చీటీలో పదకొండూ నలభై. పన్నెండు నిమిషాల్లో కొండ దిగి, తిరుపతి దాటి, తిరుచానూరుకొచ్చి, ల్యాప్‌టాప్ తెరిచిందా? గరుత్మంతుడైనా అలిపిరి దగ్గర ఆగి మంచినీళ్ళు తాగుతాడు." ఆమె గొంతు తగ్గించింది. "టికెట్టు ఆమెది, కొండెక్కిన మనిషి ఆమె కాదు. ఈ లడ్డూలు ఎవరు పెట్టినారు?"

"నేను పెట్టలా. అమ్మవారి తోడు. టేబుల్ మీద టికెట్టుంటాది, ఫొటో తీసి పంపించు అన్నారు. పంపించినా."

"మీరు తలుపు తీయకముందే అన్నారా?"

మునిశేఖర్ ఫైలు చంకలో పెట్టుకుని లేచాడు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఎంతమందిని ఇలాంటి ప్రశ్నతో పట్టుకుని ఉంటాడో, ఇవాళ అదే ప్రశ్నకు తాను దొరికాడు. గడప దాటుతూ వెనక్కి తిరిగాడు.

"జయంతమ్మా. ఆ కొలువులో చేరబాక."

ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. టైము మూడూ యాభై.

తర్వాత ముప్పావుగంట ఆమె ఒక్కతే ఉంది. ఇల్లంతా చప్పుడు లేదు. క్యాలెండరు మేకు నుంచి తీసి చుట్టి సంచిలో పెట్టుకుంది. కుప్పయ్యకు ఫోను చేస్తే మోగింది, ఆయన ఎత్తలేదు. మగ్గం దగ్గర ఉంటే వినపడదు. ఇంకెవరికి చెప్పుకోవాలా అని ఫోనులో పేర్లు పైకీ కిందికీ జరిపింది. అన్నీ ఒకప్పటి కేసులే. 'నేను భయపడుతున్నాను' అని చెప్పుకోదగ్గ పేరు అందులో ఒక్కటీ లేదు. పన్నెండేళ్ళలో ఎందరి గుట్టో కడుపులో దాచుకుంది, తన గుట్టు దాచుకునే మనిషిని మాత్రం సంపాదించుకోలేదు. ఆ సంగతి ఇంతకుముందు తెలియక కాదు. ఇవాళ బాగా నొప్పి పెట్టింది.

నాలుగూ ముప్ఫై అయిదుకు ఫోను మోగింది. లోహిత, చెన్నైలో బ్యాంకు ఉద్యోగాల విభాగం.

"మేడమ్, ఇంకా ఇరవై అయిదు నిమిషాలే ఉంది. మీరు 'ఎస్' అంటే నేను సిస్టంలో పెట్టేస్తాను."

"ఒకటి చెప్పండి. నా పేరు మీకెవరిచ్చారు?"

"రూల్ ప్రకారం చెప్పకూడదు మేడమ్. చంద్రిక గారే. పోయిన సోమవారం."

"తన కుర్చీలోకా?"

"కాదు కాదు. అప్పుడు తను వెళ్ళిపోతానని అనలేదు. తన పక్కన ఇంకో పోస్టు ఇవ్వమని అడిగారు. నేనొక్కదాన్నే కాదంటుంటే ఎవరూ వినడం లేదు, కాదనే మనిషి ఇంకొకరు కావాలి అన్నారు. మూడేళ్ళ కిందట మీరు మా కోసం రేణిగుంట దగ్గర ఏదో అడ్రసు చూడటానికి వెళ్ళారట కదా. మిగతా ముగ్గురూ ఫ్యాక్టరీ ఉందని రాస్తే, మీరు పుచ్చకాయల తోట ఉందని రాశారట. ఆ రిపోర్టు ఆవిడ దాచుకున్నారు. మీరెక్కడుంటారో వాళ్ళ నాన్నగారికి కూడా రాసిచ్చానన్నారు."

పుచ్చకాయల తోట అని రాసినందుకు బ్యాంకు తరఫున ఆ పని అప్పగించిన ఏజెన్సీ జయంతికి మళ్ళీ పని ఇవ్వలేదు. ఆ రిపోర్టు ఎవరైనా చదివారని కూడా ఆమె అనుకోలేదు. ఎక్కడో చెన్నైలో ఒంటరిగా కూర్చుని అన్నం తింటున్న ఒక అమ్మాయి మూడేళ్ళుగా దాన్ని దగ్గర పెట్టుకుంది. పక్క కుర్చీ తన కోసం అడిగింది. జీవితంలో జయంతిని కావాలని పిలిచిన మనిషి ఆమె ఒక్కతే. ఆ మనిషి ఇప్పుడు కనిపించడం లేదు. ఎక్కడుందో తెలియాలంటే ఆ పదకొండుసార్ల ఫైలు చూడాలి. అది చూడాలంటే ఆ బ్యాంకు లోపలే ఉండాలి.

"రాసుకోండి. చేరుతున్నాను," అంది.

"థాంక్స్ మేడమ్. నాకు చాలా సంతోషంగా ఉంది. హరినాథ్ సార్ ఆర్డరు స్వయంగా ఇస్తానన్నారు. ఆయన దర్శనానికని బుధవారం నుంచి తిరుపతిలోనే ఉన్నారు. మీరు ఆ గదిలో ఉన్నారని మునిశేఖర్ గారు ఇప్పుడే చెప్పారట. వచ్చేస్తూ ఉంటారు."

జయంతి తలుపు వైపు చూసింది. "అంత తొందరెందుకు?"

"మొదటి పని ఇవాళే ఉంది మేడమ్. చంద్రిక గారు ఆపిన ఫైలొకటి ఉంది. దాని మీద మీ సంతకం ఒక్కటి చాలు. కంపెనీ యజమాని కూడా సార్‌తో పాటే వస్తున్నారు, మీరు మనిషిని కళ్ళతో చూసి ధ్రువీకరించాలి కదా. పెద్దాయనట, నగరి. పొద్దున వెళ్ళి సారే కారెక్కించుకున్నారు. పేరు ఎన్. కుప్పయ్య."

జయంతికి అప్పుడు అర్థమైంది. ఉద్యోగంలో చేరేటప్పుడు చంద్రిక ఇచ్చిన కాగితాల్లో తండ్రి ఆధార్ ఉండి ఉంటుంది. దాన్ని తీసి ఎవరో పెద్ద కంపెనీకి ఆయన్ను యజమానిని చేశారు. రేపు బయటపడితే తండ్రి పేరు, కూతురి సంతకం కలిసి ఇద్దర్నీ జైలుకు పంపుతాయి. ఆమె పదకొండుసార్లు కాదన్నది సొంత నాయన పేరును. ఆ మాట ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేక ఒక్కతే కాదంది.

కింద కారు ఆగింది. జయంతి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. తెల్లచొక్కా, నుదుట కొండ నామం పెట్టుకున్న మనిషి ముందు తలుపు తీసుకుని దిగాడు. వెనక తలుపులోంచి కుప్పయ్య దిగాడు. ఇస్త్రీ చేసిన పంచె కట్టుకున్నాడు. తలెత్తి కిటికీలో ఆమెను చూసి రెండు చేతులూ జోడించాడు. శనివారం నుంచి ఆమె ఆ ముఖంలో నవ్వు చూడలేదు.

"సారు చెప్పినాడమ్మా," అన్నాడు కింది నుంచే. "బిడ్డ దొరికిందంట గదా. నువ్వొక సంతకం పెడితే ఇప్పుడే తీసుకపోయి చూపిస్తామన్నారు."

హరినాథ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి మెట్లవైపు నడిపించాడు.